సోమవారం వినాలి, బుధవారం చెప్పాలి

మాచేరు అనే ఏరు కొండల్లోంచి మైదానంలోకి దిగేచోట గద్దల మెట్ట ఉంది. దాని మీద వరద సమాచార శాఖవారి రేకుల గది, గదిలో వైర్‌లెస్ సెట్టు, సెట్టు ముందు కుడుపూడి నూకరాజు. ఈ మూడింటినీ కలిపి శాఖలో రిలే స్టేషన్ అంటారు. పైన గండి స్టేషన్‌లో ఉండే సోడె ముత్తయ్య అనే ఆపరేటరు చెప్పింది విని, కింద దొండపాటి లంకకి అదే మాట చెప్పడం నూకరాజు పని. గండికీ లంకకీ మధ్య కొండలు అడ్డం. ముత్తయ్య ఎంత గొంతు చించుకున్నా లంకకి సరిగ్గా వినబడదు. అందుకని మధ్యలో ఒక మనిషిని పెట్టారు. ఇరవై రెండేళ్ళుగా నూకరాజు ఒకరి మాట ఇంకొకరికి అప్పజెప్పి జీతం తీసుకుంటున్నాడు. సొంత మాట ఒక్కటి కలపలేదు, విన్న మాట ఒక్కటి మింగలేదు. సర్కారు కొలువులో ఇంత నికార్సుగా పనిచేసేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు కాబట్టి అన్నేళ్ళూ హాయిగానే గడిచింది.

లంక అంటే ఏటి నడుమ ఇసక దిబ్బ. దాని మీద అరవై రెండు కుటుంబాలు వంగా, దొండా పండించుకుని బతుకుతున్నాయి. గండి దగ్గర నీళ్ళు పెరిగితే అవి లంకకి చేరడానికి సరిగ్గా నాలుగు గంటలు పడుతుంది. లంకలో జనాన్నీ గొడ్లనీ మూడు పడవల మీద గట్టుకి చేర్చడానికి మూడున్నర గంటలు. మిగిలేది అరగంట. లంకలో సెట్టు దగ్గర కూర్చునే బొంతు మాణిక్యం ఎప్పుడూ అదే అనేది. “రాజుగారూ, ఆ అరగంటే మా ఆస్తండి. దాన్ని మాత్రం తినెయ్యకండి.” నూకరాజు ఎప్పుడూ తినలేదు. ముత్తయ్య నోట్లోంచి మాట వచ్చిన నిమిషంలోపు మాణిక్యం చెవిలో వేసేవాడు. సెల్‌ఫోన్లున్నాయి కదా అంటారేమో, గండిలో అవి పలకవు. లంకలో ఎండాకాలం మాత్రమే పలుకుతాయి.

ఇలా ఉండగా శాఖకి అంతరాయం మీద కోపం వచ్చింది. వైర్‌లెస్‌లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి గొంతు అడ్డం పడటాన్ని అంతరాయం అంటారు. ఎక్కడో ఒక సదస్సులో ఎవరో దాని గురించి బొమ్మలతో ఉపన్యాసం ఇచ్చారట. మధ్యాహ్నం భోజనాలు బాగున్నాయట. తిరిగొచ్చిన పెద్దలు ఆ ఏడాదిని అంతరాయ రహిత సంవత్సరంగా ప్రకటించారు. డాక్టర్ చిదానందం గారి అధ్యక్షతన అంతరాయ నిర్మూలన సంఘం ఏర్పడింది. చిదానందం గారు పెద్ద చదువు చదివారు. వైర్‌లెస్ మీద పుస్తకం కూడా రాశారు. వైర్‌లెస్‌లో మాత్రం ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన ఒక పెట్టెతో గద్దల మెట్ట ఎక్కారు. ఏ మాట ఎన్నిసార్లు గాలిలోకి వెళ్ళిందో ఆ పెట్టె లెక్క కడుతుంది. మూడు రోజులు మెట్ట మీదే ఉండి, నూకరాజు వండిపెట్టిన చేపల పులుసు తిని, మూడో రోజున చేయి కడుక్కుంటూ నేరం కనిపెట్టారు.

“నూకరాజు గారూ, ముత్తయ్య ఒక వాక్యం పలికిన వెంటనే అదే తరంగం మీద అదే వాక్యం రెండోసారి వస్తోంది. గమనించారా?”

“అది నేనేనండి.”

“అదే నేనూ అంటున్నాను. ఈ మొత్తం నదీ పరీవాహక ప్రాంతంలో నమోదైన అంతరాయంలో నూటికి నూరు శాతం ఈ గది నుంచే ఉత్పన్నమవుతోంది.”

“అంతరాయం కాదండీ. ఆయన చెప్పింది కిందకి చెబుతున్నాను. రిలే అంటే అదేగదండీ.”

చిదానందం గారు జాలిగా చూశారు. “ఉద్దేశం మంచిదే కావచ్చు. పెట్టెకి ఉద్దేశాలతో నిమిత్తం లేదు.” పెట్టెని గదిలోనే వదిలి మెట్ట దిగిపోయారు.

పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. “ఇందుమూలముగా యావన్మంది రిలే సిబ్బందికి తెలియజేయడమేమనగా, వినుట, చెప్పుట అను రెండు క్రియలు ఒకే కాలమందు జరుగుటయే అంతరాయమునకు మూలకారణమని సంఘము నిర్ధారించినది. కావున సోమ, గురువారములు శ్రవణ దినములుగాను, బుధ, శనివారములు వాగ్దినములుగాను పాటించవలెను. వినికిడి మాటలోనికి చొరబడకుండుటకై మంగళ, శుక్రవారములు రక్షణ దినములుగా నిశ్శబ్దము పాటించవలెను. ఆదివారము సెలవు.”

నూకరాజు దాన్ని రెండుసార్లు చదివి, జిల్లా ఆఫీసుకి బస్సెక్కి చిదానందం గారి ముందు నిలబడ్డాడు.

“అయ్యా, సోమవారం గండిలో నీళ్ళు పెరిగితే లంకకి బుధవారం చెప్పాలాండీ?”

“తప్పకుండా చెప్పాలి. నిర్లక్ష్యం సహించం.”

“నీళ్ళు నాలుగు గంటల్లో వచ్చేస్తాయండి.”

“నీళ్ళ వేగం నీటిపారుదల వారి పరిధి. మనది సమాచారం. ఒకరి పరిధిలోకి ఒకరు వెళ్ళడాన్ని ఏమంటారో తెలుసా? అంతరాయం అంటారు.”

నూకరాజు వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాడు. మర్నాడు మాణిక్యానికి సంగతి చెప్పాడు.

“ఇదేం చోద్యం రాజుగారూ. నవ్వాలో ఏడవాలో తెలీటం లేదు. ఎవరండీ ఈ తెలివి పుట్టించినోళ్ళు? ఆళ్ళకి పిల్లలున్నారా?”

అంతటితో ఆగితే అది సర్కారు శాఖే కాదు. పెట్టెలో అంకె తగ్గింది గానీ సున్నా కాలేదు. చిదానందం గారు మళ్ళీ మెట్ట ఎక్కి ఈసారి నూకరాజునే పరీక్షగా చూశారు. సోమవారం విన్న మనిషే బుధవారం మాట్లాడుతున్నాడు. అంటే విన్నదంతా రెండు రోజులు అతని బుర్రలో నిలవ ఉంటోంది. ఒకే శరీరంలో చెవి, నోరు ఇంత దగ్గరగా ఉండటం సాంకేతికంగా చాలా ప్రమాదమని ఆయన నివేదిక రాశారు. స్వీయ అంతరాయం అని దానికి పేరు కూడా పెట్టారు.

మందు కూడా ఆయనే రాశారు. గది మధ్య ఇటుక గోడ లేచింది. అటువైపు వినే సెట్టు, ఇటువైపు చెప్పే సెట్టు. అటుది శ్రవణ విభాగం, ఇటుది వాగ్విభాగం. రెంటికీ వేరువేరు తలుపులు, తాళాలు, ముద్రలు. శ్రవణాధికారిగా నూకరాజుని వేశారు. వాగధికారి పోస్టుకి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు కాబట్టి ఆ బాధ్యతల్ని అదనంగా నూకరాజుకే అప్పగించారు.

అప్పట్నించి పని ఇలా నడిచింది. శ్రవణాధికారి నూకరాజు సోమవారం గండి నీటిమట్టం విని, కాగితం మీద రాసి, కవరులో పెట్టి జిల్లా ఆఫీసుకి పంపుతాడు. అక్కడ మంగళవారం దానికి నంబరు పడి, సంతకం అయ్యి, బుధవారం పొద్దున్నకి వాగధికారి నూకరాజు పేర తిరిగొస్తుంది. వాగధికారి కవరు చింపే ముందు ఒక ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాలి. “లోపలి విషయము నాకు ఇంతకు పూర్వము ఏ విధముగాను తెలియదని సత్యప్రమాణముగా చెప్పుచున్నాను.” నూకరాజు తను రాసిన కాగితం తనే కొత్తగా చదువుకుని ఆశ్చర్యపోయి లంకకి చెప్పాలి. సంతకం ఆలస్యమైతే శనివారం దాకా ఆగాలి.

మొదటి రెండు వారాలూ సంతకం పెడుతుంటే అతనికి సిగ్గేసింది. మూడో వారం నుంచి వెయ్యలేదు. సిగ్గేసినా బాగుండునని తర్వాత అనుకున్నాడు.

ఎండలు ముదిరే వేళకి పెట్టెలో అంకె సున్నాకి దిగింది. రాజధానిలో సభ పెట్టి చిదానందం గారికి శాలువా కప్పారు. దేశంలో మొదటి అంతరాయ రహిత నదిగా మాచేరుకి కూడా ప్రశంసాపత్రం రాసి, ఎవరికివ్వాలో తెలియక దాన్నీ చిదానందం గారికే ఇచ్చారు. వేసవంతా నీటిమట్టం రెండడుగులు దాటలేదు. రెండడుగుల వార్త రెండు రోజులు ఆలస్యంగా చేరితే ఎవరికీ ఏమీ కాలేదు. పథకం విజయవంతమైందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆగస్టు రెండో సోమవారం పొద్దున్న పదీ నలభైకి ముత్తయ్య గొంతు వచ్చింది. ఎప్పుడూ నిదానంగా పలికే మనిషి ఆయాసపడుతున్నాడు.

“గద్దల మెట్టా, రాసుకోండి. గండి దగ్గర ఇరవై ఒక్క అడుగులు. గంటకి రెండేసి పెరుగుతోంది. మా వంతెన మునిగిపోయింది. రాజన్నా, వింటున్నావా? లంకోళ్ళని లేపెయ్యండి. ఇరవై ఒకటన్నా!”

నూకరాజు రాసుకున్నాడు. చేయి దానంతటదే కవరు అందుకుంది. అలవాటు అంత పాడుది. కవరు మీద జిల్లా ఆఫీసు చిరునామా సగం రాశాక కలం కింద పెట్టేశాడు. ఇది అక్కడికి రేపు చేరుతుంది. లంకకి ఎల్లుండి చెబుతాడు. నీళ్ళు ఇవాళ మధ్యాహ్నం రెండూ నలభైకి లంకలో ఉంటాయి. ఈ లెక్క అతనికి ముందే తెలుసు, ఇన్నాళ్ళూ తెలుసు. తెలిసీ సంతకాలు పెడుతూ కూర్చున్నందుకు తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

బయటికి పరిగెత్తి, గోడ చుట్టూ తిరిగి, వాగ్విభాగం తాళాన్ని బండరాయితో మోదాడు. మూడో దెబ్బకి ఊడింది. సెట్టు మీద అంటించిన లక్క ముద్రని గోళ్ళతో పీకేశాడు.

“మాణిక్యం! లంకా, లంకా! గద్దల మెట్ట!”

“ఇదేంటి రాజుగారూ, ఇయ్యాల సోమారం కదా!”

“సోమారం మొహం మండ. ఇరవై ఒక్క అడుగులు! కదలండి. గంట కొట్టించు. పది నిమిషాలు నేను తినేశానమ్మా, మిగతాది మీ చేతుల్లో ఉంది.”

ఆమె మైకు అక్కడే వదిలేసి పరిగెత్తినట్టుంది, గంట చప్పుడు సెట్టులోంచే ఖణేల్ ఖణేల్‌మని వినబడింది. ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకి ఆఖరి పడవ లంక వదిలింది. రెండూ నలభై అయిదుకి వంగ తోటల మీద ఏరు పారింది. ఇళ్ళు చూరుల దాకా మునిగాయి. గొడ్లు కొన్ని పోయాయి, మనుషుల్లో ఒక్కరూ పోలేదు. ఏటిగట్టు మీద అరవై రెండు కుటుంబాలూ తడిసి ముద్దై కూర్చుని తలలు లెక్కపెట్టుకున్నాయి.

సోమవారం లంకకి చెప్పాక నూకరాజు పంపిన కాగితమే బుధవారం పొద్దున్న కవరులో వాగధికారి పేర తిరిగొచ్చింది. నూకరాజు ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టి, చింపి, చదివాడు. “లంక వాసులు సురక్షిత ప్రాంతములకు తరలవలసినదిగా హెచ్చరిక.” అప్పటికి నీళ్ళు తీసి, జనం ఇళ్ళల్లో బురద ఎత్తిపోసుకుంటున్నారు. హెచ్చరిక అధికారికంగా ఇప్పుడే అందింది కాబట్టి పోలీసులు పడవల్లో వచ్చి వాళ్ళని మళ్ళీ గట్టుకి చేర్చారు. ఎండ కాస్తుండగా సాయంత్రం దాకా అక్కడే కూర్చోబెట్టి, పులిహోర పొట్లాలు పంచి, ఫొటోలు తీసుకున్నారు.

అయితే సోమవారం పదీ యాభై నిమిషాలకి పెట్టెలో ఒక అంతరాయం నమోదైంది. సున్నా కాస్తా ఒకటైంది. అరవై రెండు ఇళ్ళు మునిగినందుకు కదలని శాఖ దీనికి గజగజలాడింది. వారం తిరిగేసరికి చిదానందం గారు ఏటిగట్టు మీద షామియానా వేయించి విచారణ మొదలుపెట్టారు. శ్రవణ దినాన మాట్లాడినవాడెవడో తేలితే ఉద్యోగం పోతుందని ముందే ప్రకటించారు.

ఆ మాట లంకలో అందరికీ తెలిసింది. విచారణకి ముందురోజు సాయంత్రమే మాణిక్యం ఇంటింటికీ తిరిగి ఒట్టు వేయించుకుంది. మన ప్రాణాలు కాపాడిన మనిషి నోట్లో మట్టి కొడతామా అంది. అరవై రెండు కుటుంబాలూ ఒక్క మాట మీదకి వచ్చాయి. ఒకరికొకరు పంపు నీళ్ళ దగ్గర కూడా ఒప్పుకోనివాళ్ళు ఈ ఒక్క విషయంలో కలిశారు.

“సోమవారం మీకు వైర్‌లెస్‌లో ఏమైనా వినబడిందా?” అని చిదానందం గారు అడిగారు.

“లేదండి. గుర్రుమనడం కూడా లేదు,” అంది మాణిక్యం.

“ఎవరూ హెచ్చరించలేదా?”

“ఎవరూ లేదండి.”

“మరి నీళ్ళు వస్తున్నాయని ఎలా తెలిసింది?”

మాణిక్యం ఈ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. నోటికొచ్చింది అనేసింది. “ఇంట్లోకొచ్చినాయండి. తెలిసింది.”

వెనకున్న జనమంతా తలలూపారు. చిదానందం గారి కలం ఆగిపోయింది. ఆయన మొహం మీద నెమ్మదిగా వెలుగు వచ్చింది. నూకరాజు ఆ వెలుగు చూశాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అలాంటి వెలుగు తర్వాత ఏమొస్తుందో అతనికి తెలుసు. ఉత్తర్వు వస్తుంది. ఇక లాభం లేదని ముందుకొచ్చేశాడు.

“అయ్యా, వీళ్ళు నా కోసం అబద్ధం చెబుతున్నారండి. నేనే మాట్లాడాను. తాళం పగలగొట్టాను. చెప్పకపోతే ఒక్కళ్ళు మిగిలేవాళ్ళు కాదు. నన్ను తీసెయ్యండి, స్టేషన్ మాత్రం ఉంచండి.”

“రాజుగారూ!” అని మాణిక్యం కసిరింది.

చిదానందం గారు ఫైలు తిరగేశారు. “ఈ ప్రమాణ పత్రం మీద సంతకం మీదేనా? బుధవారం నాటిది.”

“నాదేనండి.”

“అందులోని విషయం వాగధికారికి బుధవారానికి పూర్వం ఏ విధంగానూ తెలియదని మీరే సత్యప్రమాణం చేశారు. తెలియని విషయాన్ని సోమవారం ఎలా చెప్పారు?”

“ఆ ప్రమాణం అబద్ధమండీ!”

“అప్పుడు అబద్ధమాడినవారు ఇప్పుడు నిజం చెబుతున్నారని సంఘం ఎలా నమ్ముతుంది? దయచేసి కూర్చోండి. మీరు విచారణకి అంతరాయం కలిగిస్తున్నారు.”

అరవై రెండు కుటుంబాల వాంగ్మూలం ముందు ఒక్కడి మాట చెల్లలేదు. పెట్టెలో పడిన ఆ ఒక్క అంకెని పిడుగు ఖాతాలో వేశారు. సున్నా మళ్ళీ సున్నా అయింది. లంకవాళ్ళు నూకరాజు ఉద్యోగం నిలబడిందని ఈలలు వేశారు. అతను షామియానా గుంజ పట్టుకుని అలా నిలబడిపోయాడు. వాళ్ళని తిట్టాలో, కాళ్ళమీద పడాలో అతనికి తోచలేదు.

దసరాలకి తుది ఉత్తర్వు వచ్చింది. “వరద వచ్చుచున్నదను సమాచారమును వరదయే స్వయముగా, ఏ ఉపకరణము అవసరము లేకుండ, ప్రతి ఇంటికిని వ్యక్తిగతముగా చేరవేయుచున్నట్లు విచారణలో రుజువైనది. ఇందులో అంతరాయము శూన్యము. సందేశమునకును సంఘటనకును మధ్య కాలవ్యత్యాసము శూన్యము. కావున మాచేరు నదినే రిలేగా గుర్తించుచు, గద్దల మెట్ట స్టేషన్‌ను రద్దుపరచడమైనది. సమాచారము అందినట్లు లబ్ధిదారుల సంతకములు తీసుకొనుట మాత్రము తప్పనిసరి.” లంకలో సెట్టు విప్పి పట్టుకుపోయారు. నూకరాజుని జిల్లా ఆఫీసులో కవర్ల మీద చిరునామాలు రాసే సీటుకి మార్చారు. గండిలో ముత్తయ్య మాత్రం రోజూ నీటిమట్టం కొలిచి గాలిలోకి చెబుతూనే ఉన్నాడు. చెప్పొద్దని అతనికి ఎవరూ ఉత్తర్వు పంపలేదు.

మరుసటి జూలైలో ఒక గురువారం మధ్యాహ్నం ఏరు వచ్చింది. ఇంటింటికీ వ్యక్తిగతంగానే వచ్చింది.

ఇరవై రోజుల తర్వాత మాణిక్యం సంతకాల కాగితం పట్టుకుని జిల్లా ఆఫీసుకి వచ్చింది. ఆ ఏడాదిలో పదేళ్ళు ముసలిదైనట్టుంది. నూకరాజు లేచి తన కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

హెడ్ గుమాస్తా సంతకాలు లెక్కపెట్టాడు. “యాభై అయిదే ఉన్నాయి. లబ్ధిదారులు అరవై రెండు. మిగతా ఏడిళ్ళవాళ్ళూ ఏరీ?”

“లేరండి.”

“లేరంటే ఎక్కడికెళ్ళారు?”

“ఏటితో ఎల్లిపోయారండి.”

“సమాచారం అందాకే వెళ్ళారు కదా? అయితే సంతకం పెట్టి వెళ్ళాల్సింది. ఇది లేకుండా ఫైలు మూతపడదు. నూకరాజు గారూ, ఆ ఏడుగురికీ సంతకం గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపండి.”

నూకరాజు ఏడు కవర్లు ముందు పెట్టుకున్నాడు. ఏడింటి మీదా పేర్లు రాశాడు. అందులో రెండు పేర్లు అతను సెట్టులో విన్నవే, మాణిక్యానికి జ్వరం వచ్చిన రోజుల్లో ఆమె బదులు పలికిన గొంతులు. అక్కడితో చేయి ఆగింది. “చిరునామా ఏం రాయనండీ?” అని అడిగాడు.

హెడ్ గుమాస్తా ఆలోచించాడు. అది నిబంధనల్లో లేదు. “ఖాళీగా వదిలెయ్యండి. అందాక వాళ్ళే నింపుకుంటారు.”

మాణిక్యం చేయి చాపి ఏడు కవర్లూ ఒక్కొక్కటే తీసుకుని కొంగులో మూట కట్టుకుంది. “ఇయ్యి నాకాడ ఉండనివ్వండి రాజుగారూ. తీసుకెళ్ళి ఏట్లో ఏసేత్తాను. ఎవరి కబురు ఆళ్ళకి ఏరే చేరేత్తాదని మీ పెద్దోళ్ళు రాశారంట గదా.”

నూకరాజు గబుక్కున లేచాడు. ఆమె అప్పటికే మెట్లు దిగిపోతోంది. కిటికీలోంచి చూస్తూ అతను కుర్రాడిలా ఏడ్చాడు.

హెడ్ గుమాస్తాకి మాత్రం పెద్ద భారం దిగింది. రిజిస్టరు ముందుకి లాక్కుని, కవర్లు ఏడు, పంపిన విధానం నది ద్వారా అని రాసి, తేదీ వేశాడు.